157,79,17,500: ఒక పెద్ద సంఖ్యను చేత్తో విప్పి చూడడం ఎలా

పెద్ద సంఖ్య కనబడగానే చాలామంది దాన్ని కాపీ చేసి ఏదో ఒక వెబ్‌సైట్‌లో పడేస్తారు. కారణాంకాలు, భాజకాల లెక్క, వర్గమా కాదా అన్నీ క్షణంలో పట్టికగా వచ్చేస్తాయి. వస్తాయి గానీ, ఆ పట్టిక చూశాక సంఖ్య గురించి ఏం అర్థమైందని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. అదే పనిని కాగితం, పెన్ను, మామూలు క్యాలిక్యులేటర్‌తో వరసగా చేస్తే ఒక్కో లక్షణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ సంఖ్య ఎవరైనా కావాలని కట్టినదైతే, కట్టినవాడికి ఏం అవసరమైందో కూడా కారణాంకాల్లో బయటపడుతుంది.

అందుకే ఇక్కడ నోటికొచ్చిన పది అంకెలు తీసుకోలేదు. 157,79,17,500 అనేది ఆర్యభటుడి లెక్కలో ఒక యుగానికి, అంటే 43,20,000 సంవత్సరాలకు, వచ్చే రోజుల సంఖ్య. దీన్ని విప్పడానికి పదో తరగతి ‘వాస్తవ సంఖ్యలు’ పాఠం గుర్తుంటే చాలు. ఒకటి రెండు చోట్ల పెద్ద సిద్ధాంతాల పేర్లు వస్తాయి, వాటి ఫలితాన్ని వాడుకుంటాం, నిరూపణ జోలికి వెళ్లం.

1. సంఖ్య ఎక్కడిదో ముందు చూడండి

ఆర్యభటీయం గీతికాపాదంలో యుగంలో ఎన్ని రోజులో నేరుగా ఉండదు. రెండు వేరే సంఖ్యలుంటాయి. ఒకటి, యుగంలో సూర్యుడు నక్షత్రచక్రాన్ని ఎన్నిసార్లు చుట్టొస్తాడన్నది: 43,20,000. రెండోది, అదే కాలంలో భూమి తన చుట్టూ తాను ఎన్నిసార్లు తిరుగుతుందన్నది. ఈ రెండోదాన్ని ఆయన అంకెల్లో రాయలేదు, అక్షరాల్లో రాశాడు: ఙిశిబుణౢఖ్షృ.

పలకడం కష్టమే గానీ చదవడం తేలిక. క నుంచి మ వరకు ఉన్న 25 హల్లులకు వరసగా 1 నుంచి 25. ఆ తర్వాత య 30, ర 40, ల 50, వ 60, శ 70, ష 80, స 90, హ 100. హల్లు విలువను అచ్చు చెప్పే స్థానంతో గుణించాలి: అ అయితే 1, ఇ అయితే 100, ఉ అయితే 10,000, ఋ అయితే 10 లక్షలు, ఌ అయితే 10 కోట్లు. అచ్చు ఒకటే ఉండి హల్లులు రెండుంటే వాటిని ముందు కూడుకోవాలి.

ఙి = 5 × 100 = 500
శి = 70 × 100 = 7,000
బు = 23 × 10,000 = 2,30,000
ణౢ = 15 × 10,00,00,000 = 150,00,00,000
ఖ్షృ = (2 + 80) × 10,00,000 = 8,20,00,000

అన్నీ కూడితే 158,22,37,500. బడిలో ఙ ఎందుకు నేర్పిస్తారని విసుక్కున్నవాళ్లు ఇక్కడ కొంచెం ఆగొచ్చు, ఈ సంఖ్య చివర ఉన్న 500 దానిదే.

భూమి తిరుగుళ్లు, రోజులు ఒకటి కావు. నక్షత్రాలతో పోల్చి లెక్కపెడితే భూమి ఏడాదికి సూర్యోదయాల కంటే ఒక తిరుగుడు ఎక్కువ తిరుగుతుంది. కాబట్టి రోజులు కావాలంటే సంవత్సరాలను తీసేయాలి:

158,22,37,500 − 43,20,000 = 157,79,17,500

ఈ రెండింటి నిష్పత్తి నుంచి భూమి ఒక్క తిరుగుడుకు పట్టే సమయం తీస్తే 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు వస్తుంది. నేటి విలువ కూడా సెకనులో పదో వంతు వరకు అంతే.

2. చివరి అంకెలతో దొరికేదంతా రాబట్టండి

ఏ సంఖ్యనైనా ముందు 2, 5, 3లతో పరీక్షించాలి, ఎందుకంటే వీటికి భాగహారం అక్కర్లేదు.

2 సంగతి: చివరి రెండు అంకెలు 00 కాబట్టి 4 పోతుంది. చివరి మూడు అంకెలు 500, దాన్ని 8 భాగించదు. అంటే 2 సరిగ్గా రెండుసార్లు ఉంది. 5 సంగతి: చివరి నాలుగు అంకెలు 7500 = 625 × 12, కాబట్టి 5 కనీసం నాలుగుసార్లు ఉంది. చివరి ఐదు అంకెలు 17,500ని 3,125 భాగించదు, కాబట్టి ఐదోసారి లేదు. 3 సంగతి: అంకెల మొత్తం 1+5+7+7+9+1+7+5+0+0 = 42. 42ను 3 భాగిస్తుంది, 9 భాగించదు. 3 ఒక్కసారే.

ఇప్పటికి చేతికొచ్చింది 2² × 3 × 5⁴ = 7,500. దాన్ని తీసేస్తే:

157,79,17,500 ÷ 7,500 = 2,10,389

పది అంకెల సంఖ్య ఒక్క దెబ్బకి ఆరు అంకెలకు తగ్గింది. ఈ 2,10,389ని గుర్తుపెట్టుకోండి, అసలు సరుకంతా అందులోనే ఉంది.

ఇక 7, 11, 13. వీటికి విడివిడిగా సూత్రాలు కంఠతా పట్టనక్కర్లేదు. 7 × 11 × 13 = 1,001 కాబట్టి, సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే మూడింటికీ ఒకే పరీక్ష సరిపోతుంది. మనం మామూలుగా పెట్టే లక్షల, కోట్ల కామాలు ఇక్కడ పనికిరావు. 1 | 577 | 917 | 500 అని విడగొట్టాలి.

500 − 917 + 577 − 1 = 159

159ని 7తో భాగిస్తే శేషం 5, 11తో భాగిస్తే 5, 13తో భాగిస్తే 3. మూడూ కారణాంకాలు కావు. 7కు వచ్చిన ఆ శేషం 5ను పక్కన రాసిపెట్టుకోండి, వారాల లెక్క వచ్చినప్పుడు దాంతో పని ఉంది.

3. మిగిలినదాన్ని ప్రధాన సంఖ్యలతో భాగించండి

2,10,389 ప్రధాన సంఖ్యేమో? తేల్చాలంటే దాని వర్గమూలం వరకు, అంటే 458 వరకు, ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అంతకు మించి వెళ్లనక్కర్లేదు. ఒక కారణాంకం వర్గమూలం కంటే పెద్దదైతే దాని జంట కచ్చితంగా చిన్నదే అవుతుంది, అది ముందే దొరికిపోయేది.

2, 3, 5 పనైపోయింది: సంఖ్య బేసి, అంకెల మొత్తం 23, చివర 9. 7, 11, 13 అసలు సంఖ్యకే కారణాంకాలు కానప్పుడు దీనికీ కావు. కాబట్టి 17 నుంచి మొదలుపెట్టి శేషాలు రాస్తూ పోదాం.

17 → 14
19 → 2
23 → 8
29 → 23
31 → 23
37 → 7
41 → 18
43 → 33
47 → 17
53 → 32
59 → 54
61 → 0

క్యాలిక్యులేటర్‌లో శేషం ఎలా తీయాలో తెలియనివాళ్లకు: 2,10,389 ÷ 37 కొడితే 5,686.18… వస్తుంది. దశాంశం వదిలేసి 5,686 × 37 = 2,10,382. అసలు సంఖ్య నుంచి తీసేస్తే 7. దశాంశ భాగాన్ని మళ్లీ 37తో గుణించడం కంటే ఇది నమ్మకమైన దారి, ఎందుకంటే క్యాలిక్యులేటర్ చివరి అంకెలను సవరించేస్తుంది.

29కీ 31కీ ఒకే శేషం 23 రావడం చూసి తప్పు చేశామేమోనని టెన్షన్ పడకండి. 2,10,366 = 29 × 31 × 234, అందుకే రెండింటికీ అంతే మిగిలింది.

61 దగ్గర పని పండింది: 2,10,389 = 61 × 3,449.

ఇప్పుడు 3,449 ప్రధాన సంఖ్యా కాదా? మళ్లీ మొదటి నుంచి భాగించడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అక్కర్లేదు. 3,449 వర్గమూలం 58.7. అది సంయుక్త సంఖ్య అయితే 58 లోపు ప్రధాన కారణాంకం ఒకటి ఉండాలి. అలాంటిది ఉంటే అది 2,10,389కి కూడా కారణాంకమే, మన జాబితాలో ఎప్పుడో శేషం సున్నా చూపించి ఉండేది. చూపించలేదు. కాబట్టి 3,449 ప్రధాన సంఖ్య. ఒక్క కొత్త భాగహారం కూడా చేయకుండా తేలిపోయింది. చిన్న ప్రధాన సంఖ్య నుంచి పెద్దదానికి వరస తప్పకుండా వెళ్లమని చెప్పేది ఇందుకే. మధ్యలో ఒకటి వదిలేస్తే ఈ వాదన నిలబడదు.

157,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3,449

సరిచూసుకోవడం మానొద్దు: 4 × 3 = 12, × 625 = 7,500, × 61 = 4,57,500, × 3,449 = 157,79,17,500.

4. భాజకాలు, వాటి మొత్తం

విడగొట్టడం అయ్యాక ఈ లెక్కలు వాటంతటవే వస్తాయి. భాజకాలెన్నో తెలియాలంటే ఒక్కో ఘాతానికి 1 కలిపి గుణించాలి. ఘాతాలు 2, 1, 4, 1, 1. కాబట్టి 3 × 2 × 5 × 2 × 2 = 120 భాజకాలు.

భాజకాలన్నిటి మొత్తం కావాలంటే ఒక్కో ప్రధాన సంఖ్యకు దాని ఘాతాలను 1 నుంచి కూడి, వచ్చినవాటిని గుణించాలి:

(1+2+4) × (1+3) × (1+5+25+125+625) × (1+61) × (1+3,449)
= 7 × 4 × 781 × 62 × 3,450
= 467,75,65,200

ఇందులోంచి సంఖ్యను తీసేస్తే మిగతా భాజకాల మొత్తం 309,96,47,700. అది సంఖ్యకు దాదాపు రెండింతలు. 2, 3, 5 మూడూ కారణాంకాలుగా ఉన్న సంఖ్యలు సాధారణంగా ఇలాగే ఉంటాయి, ఇందులో పెద్ద వింతేమీ లేదు.

ఆయిలర్ ఫై ప్రమేయం, అంటే ఈ సంఖ్య కంటే చిన్నవై దీనితో 1 తప్ప ఇంకే కారణాంకమూ పంచుకోని సంఖ్యల లెక్క: 2 × 2 × 500 × 60 × 3,448 = 41,37,60,000.

5. తోడు సంఖ్యతో గ.సా.భా తీయండి

సంఖ్యను ఒంటరిగా చూడడం ఇక్కడితో ఆపి, అది దేనితో జతగా పుట్టిందో దాని పక్కన పెట్టి చూడాలి. మన సంఖ్యకు జత 43,20,000. దాన్ని విడగొడితే 2⁸ × 3³ × 5⁴. రెండింటిలో ఉమ్మడిగా ఉన్నది 2² × 3 × 5⁴ = 7,500. అదే గ.సా.భా. పైనా కిందా దాన్ని కొట్టేస్తే:

157,79,17,500 / 43,20,000 = 2,10,389 / 576

ఆర్యభటుడి సంవత్సరం అంతే. 576 సంవత్సరాలకు 2,10,389 రోజులు. ఈ రెండూ ఏడవ శతాబ్దంలో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడి లెక్కల్లో మాటిమాటికీ కనిపించే సంఖ్యలు. 157 కోట్లతో కుస్తీ పట్టడం ఎందుకని ఆయన కూడా ముందు ఇలా కుదించుకునే పని మొదలుపెట్టేవాడు.

భాగించి చూస్తే 365 రోజులు పోగా 149/576 రోజు మిగులుతుంది. 24తో గుణిస్తే 149/24 గంటలు, అంటే సరిగ్గా 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. తోక మిగలకుండా అర నిమిషం దగ్గర తెగింది. నక్షత్రాల ఆధారంగా నేడు కొలిచిన సంవత్సరం సుమారు 365 రోజుల 6 గంటల 9 నిమిషాల 10 సెకన్లు. తేడా మూడు నిమిషాల చిల్లర.

ఈ అడుగులో అసలు విషయం వేరే ఉంది. 2,10,389కీ 576కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి, 576తో భాగం పోయే సంవత్సరాలకే పూర్తి రోజులు వస్తాయి. యుగంలో అలాంటి చక్రాలు 7,500. మరి ఆర్యభటుడు తన వయసు చెప్పిన శ్లోకం తీసుకోండి: కలియుగంలో అరవై అరవైలు, అంటే 3,600 ఏళ్లు, గడిచేసరికి తనకు 23 ఏళ్లన్నాడు. ఆ లెక్కనే ఆయన పుట్టింది 476లో అని చెబుతారు, గడిచిన సంవత్సరం 499. 3,600ని 576తో భాగిస్తే 6.25. కాబట్టి రోజులు 6.25 × 2,10,389 = 13,14,931.25. కలియుగం శుక్రవారం సూర్యోదయంతో మొదలైందని ఆయన పద్ధతి. సూర్యోదయం నుంచి పావు రోజంటే మిట్టమధ్యాహ్నం.

ఇది కాకతాళీయం కాదని చెప్పడానికి ఇంకో లెక్క ఉంది. అర్ధరాత్రి నుంచి రోజు మొదలుపెట్టే పద్ధతి కూడా ఆయన పేరు మీద ప్రచారంలో ఉంది. అందులో యుగానికి రోజులు 157,79,17,800, అంటే 300 ఎక్కువ. 1,200తో భాగిస్తే 13,14,931.5. అర్ధరాత్రి నుంచి అర రోజు దాటితే మళ్లీ అదే మధ్యాహ్నం. రెండు పద్ధతులూ 499 మార్చి 21న ఒకే ఘడియలో కలుస్తాయి. ఆ 300 రోజుల తేడాను ఎవరో కూర్చుని ఇందుకే సరిపెట్టారని నాకు గట్టి నమ్మకం.

6. యూక్లిడ్ మెట్లు దిగి, కుట్టకంతో పైకి ఎక్కండి

గ.సా.భా కోసం కారణాంకాలు తెలియనక్కర్లేదు, భాగహారం వరసగా చేసినా వస్తుంది. 2,10,389, 576 మీద చేసి చూద్దాం:

2,10,389 = 365 × 576 + 149
576 = 3 × 149 + 129
149 = 1 × 129 + 20
129 = 6 × 20 + 9
20 = 2 × 9 + 2
9 = 4 × 2 + 1

చివర 1 వచ్చింది కాబట్టి ఉమ్మడి కారణాంకం లేదని మరోసారి రుజువైంది. చాలామంది ఇక్కడ పేజీ తిప్పేస్తారు. కానీ భాగఫలాలు 365, 3, 1, 6, 2, 4, 2 (చివరిది 2ను 1తో భాగిస్తే వచ్చేది) పారేయాల్సినవి కావు. వాటితో సంవత్సరానికి దగ్గరి భిన్నాలు కట్టొచ్చు. సూత్రం ఒక్కటే: కొత్త లవం = భాగఫలం × ముందున్న లవం + దానికి ముందున్న లవం. హారానికీ అంతే.

365/1
1,096/3
1,461/4
9,862/27
21,185/58
94,602/259
2,10,389/576

మూడోది మనందరికీ తెలిసిన 365¼, నాలుగేళ్లకో లీపు సంవత్సరం. చివరిది మొదలుపెట్టిన భిన్నమే. అది రాకపోతే ఎక్కడో తప్పు పడినట్టు, వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి.

చివరి నుంచి రెండోదాన్ని చివరిదానితో అడ్డంగా గుణించండి:

94,602 × 576 = 5,44,90,752
2,10,389 × 259 = 5,44,90,751

తేడా 1. భాగిస్తే మిగిలే శేషం చెబితే పూర్ణ సంఖ్యల్లో జవాబు కనుక్కునే పాత భారతీయ పద్ధతి పేరు కుట్టకం. దాని కీలకం ఈ 1ని పట్టుకోవడమే. సూర్యుడు ఇన్ని చుట్లు పూర్తిచేసి ఇంకో చుట్టులో 2,10,389లో ఇన్నో వంతు నడిచాడు, మొదలై ఎన్ని రోజులైంది అని ప్రశ్న. శేషం 1 అయితే జవాబు 94,602 రోజులు, చుట్లు 259. శేషం 5 అయితే 94,602 × 5 = 4,73,010, అందులోంచి 2,10,389ని రెండుసార్లు తీసేస్తే 52,232 రోజులు. సరిచూడండి: 52,232 × 576 = 3,00,85,632, అది 143 × 2,10,389 కంటే సరిగ్గా 5 ఎక్కువ. ఏ శేషమిచ్చినా ఒక గుణకారం, ఒక తీసివేత. ఇదే ప్రశ్న 157 కోట్లతో వేస్తే ఎంత గోలో ఊహించుకోవచ్చు.

7. వర్గాల మొత్తంగా రాయగలమా?

సంఖ్యల మీద సరదా ఉన్నవాళ్లు ఆగి చూడాల్సిన చోటిది. ముందు రెండు వర్గాల మొత్తం. 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన సంఖ్య (3, 7, 11, 19 లాంటివి) బేసి ఘాతంలో ఉంటే ఆ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. మన సంఖ్యలో 3 ఒక్కసారి ఉంది. కాబట్టి కుదరదు.

మూడు వర్గాలతో? లెజెండ్రే సిద్ధాంతం ప్రకారం సంఖ్యలోంచి 4లు తీయగలిగినన్ని తీసేశాక మిగిలినదాన్ని 8తో భాగిస్తే శేషం 7 వచ్చిందంటే మూడు వర్గాలూ చాలవు. 157,79,17,500 ÷ 4 = 39,44,79,375. 8 పరీక్షకు చివరి మూడు అంకెలు చాలు: 375 = 46 × 8 + 7. శేషం 7. మూడూ చాలవు! ఆరు సంఖ్యల్లో ఒకటి మాత్రమే ఇలా మొండికేస్తుంది, మనది ఆ కోవలోది.

నాలుగు వర్గాలతో ఏ సంఖ్యనైనా రాయొచ్చని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. ఉంటాయని తెలిస్తే సరిపోదు, వాటిని పట్టుకోవాలి. 2,10,389 కారణాంకాలు రెండూ 4తో భాగిస్తే 1 మిగిలే రకం, అవి రెండు వర్గాలకు లొంగుతాయి:

61 = 5² + 6²
3,449 = 43² + 40²

వీటిని గుణించడానికి బ్రహ్మగుప్తుడు ఇచ్చిన సర్వసమీకరణం ఉంది. (అ² + ఆ²)(ఇ² + ఈ²) = (అఇ − ఆఈ)² + (అఈ + ఆఇ)². విలువలు వేస్తే 215 − 240 = −25, 200 + 258 = 458. కాబట్టి

2,10,389 = 458² + 25²

గుర్తులు మార్చి వేస్తే 455² + 58² కూడా వస్తుంది. రెండు దారులున్నాయి, మనకు ఒకటి చాలు.

ఇక మిగిలింది 7,500 = 50² × 3. 50ని చివర ప్రతిదానికీ గుణించేయొచ్చు. ఆ 3ని ఎలా దాటాలి? ఎనిమిదో తరగతి బీజగణితమే: (అ + ఆ)² + (అ − ఆ)² = 2అ² + 2ఆ². రెండు వైపులా అ² + ఆ² కలిపితే కుడివైపు 3(అ² + ఆ²) అవుతుంది. అ = 458, ఆ = 25 పెడితే నాలుగు వర్గాలు 483, 433, 458, 25. అన్నిటినీ 50తో గుణిస్తే:

157,79,17,500 = 24,150² + 21,650² + 22,900² + 1,250²

కూడి చూసుకోండి: 58,32,22,500 + 46,87,22,500 + 52,44,10,000 + 15,62,500. సరిపోతుంది. ఇలాంటిది చేత్తో యాదృచ్ఛికంగా వెతికితే ఎంతసేపు పడుతుందో చెప్పలేం, కారణాంకాల దారిలో వస్తే అయిదు నిమిషాలు.

8. 7తో శేషం, వారం పేరు

రోజుల సంఖ్యకు 7తో శేషం తీయడమంటే వారం కనుక్కోవడమే. రెండో అడుగులో పక్కన పెట్టిన 5 అర్థం: ఒక యుగం పూర్తయితే వారం 5 రోజులు ముందుకు జరుగుతుంది.

పురాణాల్లో కృత, త్రేతా, ద్వాపర, కలి యుగాలు 4 : 3 : 2 : 1 నిష్పత్తిలో ఉంటాయి. ఆర్యభటుడు దాన్ని పక్కనపెట్టి నాలుగు పాదాలూ సమానమన్నాడు, ఒక్కోటి 10,80,000 ఏళ్లు. మన సంఖ్యలో 2² ఉండడం ఆయనకు ఇక్కడ కలిసొచ్చింది: పాదానికి 39,44,79,375 పూర్తి రోజులు. దీనికి మూడేసి అంకెల పరీక్ష చేస్తే 375 − 479 + 394 = 290, 7తో శేషం 3. పాదానికి వారం 3 రోజులు జరుగుతుంది.

ఆయన కల్పంలో 14 మనువులు, మనువుకు 72 యుగాలు. కలియుగం మొదలయ్యేసరికి 6 మనువులు, 27 యుగాలు, 3 పాదాలు గడిచాయంటాడు. పాదాల్లో లెక్కేస్తే (6 × 72 + 27) × 4 + 3 = 1,839. రోజులు కావాలంటే 1,839 × 39,44,79,375 = 72,544 కోట్ల 75 లక్షల 70 వేల 625. వారానికి అంత గుణకారం దండగ. 1,839కి 7తో శేషం 5. 5 × 3 = 15, దానికి శేషం 1. మొత్తం జరిగింది ఒక్క రోజు. కలి మొదలైంది శుక్రవారం కాబట్టి కల్పం మొదలైంది గురువారం. ఈ కాలం చెప్పిన శ్లోకంలోనే ఆయన గురుదివసాన్ని ప్రస్తావించాడు.

9. ఇంకో సంఖ్య మీద చేయి తిప్పుకోండి

సూర్యసిద్ధాంతం ప్రకారం మహాయుగానికి రోజులు 157,79,17,828. తెలుగునాట పూర్వపద్ధతి పంచాంగాలకు ఆధారం ఆ గ్రంథమే. చూడ్డానికి మన సంఖ్యకూ దీనికీ తేడా 328 మాత్రమే, విప్పితే పోలికే ఉండదు.

చివర 28 కాబట్టి 4 పోతుంది, 828ని 8 భాగించదు. చివర 8 కాబట్టి 5 లేదు. అంకెల మొత్తం 55 కాబట్టి 3 లేదు. 43,20,000లో ఉన్నవి 2, 3, 5 మాత్రమే, అందువల్ల గ.సా.భా 7,500 కాదు, ఉత్త 4. సంవత్సరం 39,44,79,457 / 10,80,000గా ఆగిపోతుంది, ఇంతకంటే కుదించలేం. పూర్తి రోజుల కోసం 576 ఏళ్లు కాదు, 10,80,000 ఏళ్లు ఆగాలి. పదో వంతైన 4,32,000 ఏళ్ల కలియుగానికి 15,77,91,782.8 రోజులు, చివర 0.8 వేలాడుతుంది. సంవత్సరం విలువ 365.258756 రోజులు, ఆర్యభటుడి 365.258681కి దగ్గరే. అయినా చేత్తో లెక్కలు వేసేవాడికి ఏది ఇస్తారంటే నేనైతే ఆర్యభటుడిదే ఇస్తాను.

39,44,79,457ని ముక్కలు చేయాలనుకుంటే 457 − 479 + 394 = 372 నుంచి మొదలుపెట్టండి. 7, 11, 13 మూడింటికీ శేషాలు 1, 9, 8 వస్తాయి, మూడూ కావు. అక్కడి నుంచి 17, 19, 23 అంటూ పోవాలి. చివరిదాకా ఏదీ తగలకపోతే వర్గమూలం 19,861 వరకు వెళ్లాల్సి వస్తుంది. వంద దాటేదాకా చేత్తో చూడండి. అప్పటికీ దొరక్కపోతే నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసుకోవడం మంచిది.